వరివిత్తనము: పరిశోధనాలయమునుండి పొలము వఱకు
(ఒక పఠనమందిర వార్షికోత్సవమున చేసిన యుపన్యాసము)



వ్యవసాయమును గూర్చి న్యాయవాది మాట్లాడుటయేమని మీలో కొందఱు నవ్వుకొనుచుండవచ్చును. నవ్వదగినదే. నేను నాగలి పట్టి యెఱుగను. మా తండ్రిగారి కాలముననే మాకున్న మూడెకరములు కౌలునకు పోయినవి. కళాశాలలో నేను చదివినది రాజనీతి, పిమ్మట న్యాయశాస్త్రము. అయినను రైతు సంఘముల పనిలో వాలంటీరుగా తిరిగిన పదునైదేండ్లలోను, రైతుల పక్షమున కోర్టులో నిలిచిన కొన్ని వ్యాజ్యములలోను నేర్చుకొన్నది కొంత కలదు. పొలమున పనిచేయువారికి నేను చెప్పగలిగినది లేదు. ఈ నాలుగు మాటలును పొలమునకు దూరమై, అన్నమునకు మాత్రము దగ్గఱగా నున్న మనబోటి పట్టణవాసులకొఱకు.

ఈ యుదయము మీ యింట నే బియ్యము వండిరని యడిగినచో తఱచుగా వచ్చు సమాధానము "సన్నబియ్యము" అని. సంచిమీద మిల్లువారి పేరుండును, దేవుని బొమ్మ యుండును; విత్తనము పేరు మాత్రము తఱచుగా నుండదు. మన పట్టణములలో ఆ సంచులలో పెక్కింటియందున్నది బాపట్ల పరిశోధనాస్థానమున తయారై 1986లో విడుదలయైన బి.పి.టి. 5204, అనగా సాంబ మసూరి. ఆవకాయకు గుంటూరు మిరపకాయలే కావలెనని పట్టుబట్టు మనము, సంవత్సరమంతయు తిను అన్నమునకు పుట్టినయూరేదని యడుగము.

ఆ విత్తనపు వంశమును కొంచెము పైకిపోయి చూచినయెడల ముగ్గురు పూర్వులు కనిపింతురు. మొదటిది జి.ఇ.బి. 24. కోస్తాజిల్లాలు మద్రాసు రాజధానిలో నున్న కాలమున, 1912లో, కోయంబత్తూరునందు వరిపరిశోధనాస్థానము ఏర్పడెను. పార్నెల్ అను శాస్త్రజ్ఞుని కాలమున అచ్చట, తనంతట తాను మారిన యొక వరిమొక్కనుండి వచ్చిన సంతతిని వేఱుపఱచి పెంచి 1921లో రైతుల కిచ్చిరి. "గవర్నమెంటు ఎకనామిక్ బాటనిస్టు" అను ఉద్యోగపు పేరులోని మొదటి అక్షరములే దాని పేరయ్యెను. ఇంత రుచిగల బియ్యమునకు ఇంత నీరసమైన పేరు పెట్టుట ఆనాటి దొరతనమునకే చెల్లినది. రెండవది తైవాను దేశపు తైచుంగ్ నేటివ్ 1, పొట్టి రకము. మూడవది మసూరి. రెండవ ప్రపంచ యుద్ధానంతరము ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ పూనికచే కటకమునందు జపాను జాతి వరులను మన జాతి వరులతో సంకరము చేసిరి. 1946లో స్థాపితమైన ఆ కటక పరిశోధనాలయమునకు తొలి యధ్యక్షుడు కె. రామయ్యగారు. ఆ ప్రయత్నమునుండి పుట్టి, మలయా నేలపై ఎన్నుకొనబడి, 1965లో వెలువడినది మసూరి. అది మరల సముద్రము దాటి మన గడ్డకు వచ్చినది.

పొట్టి రకముతో పని యేమని యడుగవచ్చును. మన తాతలు పండించిన వరులు నిలువెత్తున పెరిగెడివి. గడ్డి సమృద్ధి, పశువులకు సంతృప్తి. కాని ఎరువు వేసినకొలది మొక్క మఱింత పెరిగి, కంకి బరువునకు ఓర్వక నేలకొఱిగెడిది. పడిన చేను తడిసి మొలకెత్తెడిది. ఎరువునకు తగిన గింజ రావలెనన్న కాండము పొట్టిగా, గట్టిగా నుండవలెను. ఆ గుణము తైవానులోని ఒక పొట్టి దేశవాళీ వరియందు దొరకెను. తైచుంగ్ నేటివ్‌కును, ఫిలిప్పీను దీవులలోని అంతర్జాతీయ వరి పరిశోధనాసంస్థ 1966లో ఇచ్చిన ఐ.ఆర్. 8కును పొట్టితన మిచ్చినది అదియే. పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావుగారను యువరైతు 1967లోనే ఐ.ఆర్. 8ను వేసి, దాని దిగుబడిని చూపి, చుట్టుపట్ల రైతులకు విత్తన మందించిరి. పంట రెట్టింపైనది. అయితే ఆ బియ్యము లావు. అన్నము చల్లారిన గట్టిపడెడిది. ఆకలి తీరినది గాని నాలుకకు తృప్తి లేదు. పొట్టికాండముయొక్క దిగుబడిని, జి.ఇ.బి. 24 యొక్క సన్నదనమును, మసూరి రుచిని ఒక్కచోట చేర్చిన పని బాపట్లలో జరిగినది.

స్వదేశియని గొంతెత్తుట కలవాటుపడిన మనకు ఈ వంశవృక్షము కొంత చిక్కు తెచ్చిపెట్టును. తమిళదేశము, తైవాను, మలయా, ఒడిస్సా అన్నియు మన కంచములో నున్నవి. నా యభిప్రాయమున ఇందు సిగ్గుపడవలసినది లేదు. విత్తనము వచ్చిన దేశమేదియన్నది కాదు నాకు ముఖ్యము. దానిని మన నేలకు తగినట్లు మలచు శక్తి మన చేతిలో నున్నదా, మలచిన పిమ్మట అది మన రైతు గాదెలో నిలుచునా, ఈ రెండును ముఖ్యము. బాపట్ల, మారుటేరు స్థానములు ప్రజల పన్నులతో నడచునవి. వరి తన పుప్పొడితో తానే ఫలించు మొక్క. కావున ఆ స్థానము లిచ్చిన శుద్ధ రకములలో మంచి చేనునుండి బెరుకులు ఏరి, విత్తనము దాచుకొన్న రైతునకు వరుసగా కొన్ని యేండ్లు అదే గుణము నిలుచును. సంకర విత్తనమునకు ఆ సౌకర్యము లేదు. దాని గింజను మరల చల్లినచో సంతతి చెదరిపోవును, ఏటేట కొనవలసినదే.

పశ్చిమ గోదావరి జిల్లాలోని మారుటేరు పరిశోధనాస్థానము 1925లో స్థాపితమైనది, నూఱేండ్లు నిండినవి. అచ్చట వశిష్ఠ, మసూరి రకములను కలిపి తయారుచేసిన ఎం.టి.యు. 7029, అనగా స్వర్ణ, 1982లో విడుదలయ్యెను. ఈ విత్తనము ఒడిస్సా, వంగ, బీహారు దేశములకు, ఎల్లలు దాటి బంగ్లాదేశమునకు పోయినది. తక్కువ ఎరువుతోనే చెప్పుకోదగిన పంట నిచ్చుటచే చేత డబ్బులేని రైతులు దానిని పట్టుకొనిరి.

ఐనను స్వర్ణకొక లోపముండెను. మునిగిన చేను బ్రతుకదు. గోదావరి లంకలవారికి ఈ మాట విప్పి చెప్పనక్కఱలేదు. 1986 ఆగస్టు వరద నెఱిగినవారు ఈ సభలోనే యున్నారు. మామూలు వరి నీట మునిగినపుడు గాలికొఱకు ఆకులను ఆత్రముగా పైకి చాచును. ఆ చాచుటలో తనలోని పిండిపదార్థమంతయు ఖర్చు చేసికొనును. నీరు తీసినపిమ్మట నిలువ సత్తువ లేక వాలిపోవును. ఒడిస్సాలో ఎఫ్.ఆర్. 13ఎ అను పాత రకమొకటి యిందుకు భిన్నముగా ప్రవర్తించును. మునిగినపుడు పెరుగుదలను ఆపి, ఉన్నదానిని దాచుకొని, రమారమి రెండు వారములు నిద్రించినట్లుండి, వరద తీసిన తరువాత మరల చిగురించును. ఆ గుణమునకు మూలమైన జన్యువును శాస్త్రజ్ఞులు గుర్తించి 2006లో ప్రకటించిరి. స్వర్ణతో మరల మరల సంకరము చేసి, ఆ యొక్క గుణమును మాత్రము దానియందు నిలిపి, స్వర్ణ సబ్ 1 అను పేర 2009లో మన దేశమున విడుదల చేసిరి. ఒడిస్సా బీదరైతు తరతరములుగా కాపాడుకొన్న విత్తనము లేకున్నచో ఆ శాస్త్రజ్ఞులు వెదకుటకు వస్తువే లేకపోవును. ఈ సంగతి నేను సభలలో తఱచు చెప్పుచుందును. శాస్త్రమును తగ్గించుటకు గాదు, రెండవ వాటాదారు నెవరును మఱువకుండుటకు.

సాంబ మసూరికిని ఇట్టి చికిత్సయే జరిగినది. దానికి బాక్టీరియా ఎండాకు తెగులు బెడద. హైదరాబాదులోని వరి పరిశోధనాలయమువారును, సి.సి.ఎం.బి. వారును కలిసి మూడు నిరోధక జన్యువులను దానిలో చేర్చి 2008లో మెఱుగుపఱచిన సాంబ మసూరిని ఇచ్చిరి. ఆ మూడింటిలో నొకటి ఆఫ్రికాలోని మాలీ దేశపు అడవివరినుండి వచ్చినది. గింజ అదే సన్నదనము, అదే రుచి. మా మండలమున విత్తనపు దుకాణములకు పోయి ఈ రకము నడిగితిని. ఇద్దఱు దాని పేరే వినలేదనిరి. మూడవ యాయన మాత్రము "మిల్లువారు పాతదానినే యడుగుదురండీ, కొత్తపేరు చెప్పిన ధర తగ్గింతురు" అనెను. మిల్లువారిని తప్పుపట్టనా? వారు మనలను చూచి కొనుచున్నారు. మనము పాతపేరు, తెల్లని మెఱపు చూచి కొనుచున్నాము. మన నాలుకయొక్క మొండితనమునకు మూల్యము తెగులు మందుల రూపమున రైతు చెల్లించుచున్నాడు.

ఇంక సాగుపద్ధతులు. ఇందు యూరియా సంగతి ఒక్కటి విస్తరించి చెప్పవలెను. చేను నల్లగా కనిపించిన రైతు కన్ను చల్లబడును. పక్కచేను నల్లగా నుండి తనది లేతగా నుండిన నిద్రపట్టదు. కావున ఇంకొక బస్తా. అవసరమునకు మించిన నత్రజనిచే ఆకు మెత్తబడి, దుబ్బు దట్టమై, మొదట గాలి వెలుతురు తగులక, సుడిదోమకు చల్లని నివాసమగును. అది మొదలుచుట్టు చేరి రసము పీల్చగా చేను గుండ్రముగా, సుడులు సుడులుగా ఎండును. పేరు వచ్చినది అందువలననే. అప్పుడు మందు కొట్టుదురు. ఆ మందునకు దోమకంటె ముందు చచ్చునవి దోమను తిను సాలీళ్లు, మిరిడ్ నల్లులు. శత్రువు మిగిలి, సైన్యము నశించును. పదిదినములలో దోమ మునుపటికంటె ఎక్కువ. మరల మందు. ఈ చక్రములో లాభపడువాడు రైతు కాడని వేఱుగ చెప్పనేల?

పరిశోధనాస్థానమువారు చెప్పు విరుగుడు చిన్నది. నత్రజనిని ఒక్కసారి గాక, దమ్ములో కొంత, పిలకల వేళ కొంత, అంకుర దశయందు కొంతగా మూడు దఫాలు వేయవలెను. ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట విడిచి నాటవలెను. మొదలునకు గాలి, వెలుతురు తగులును. నాట్లకు ముందు జనుమో, జీలుగో, పిల్లిపెసరో చల్లి పూతవేళ నేలలో కలియదున్నిన యూరియా కొంత తగ్గును.

ఈ కాలిబాట మాటను నేను కౌలురైతు నొకనితో చెప్పితిని. ఆయన నాకంటె పెద్దవాడు, చదువు కొలది. "బాబూ, తమరు చెప్పినది మంచిదే. ఆ 20 సెంటీమీటర్లకు కూడ నేను మక్తా కట్టుచున్నాను గదా! ఎకరమునకు 20 బస్తాలు భూస్వామికి కొలిచి, మిగిలినది నాది. బాట విడిచి పంట తగ్గిన నష్టము నాది, తగ్గక పెరిగిన వచ్చే యేడు మక్తా పెరుగును" అనెను. నేను వెంటనే జవాబు చెప్పలేకపోతిని. బాట విడిచినను గట్టువరుసల కంకులు బలిసి దిగుబడి తగ్గదని శాస్త్రము చెప్పును; ఆయన రెండవ మాటకు శాస్త్రమున జవాబు లేదు. ఆంధ్రప్రదేశమున పంటసాగుదారుల హక్కుల చట్టము 2019లో వచ్చినది గాని, దాని క్రింద పత్రము పుట్టవలెనన్న భూస్వామి సమ్మతి కావలసియుండెను. సమ్మతించు భూస్వాములు నా యనుభవమున బహు తక్కువ. అట్టి పత్రము చేతలేని రైతునకు బ్యాంకు ఋణము దుర్లభము, పంటనష్ట పరిహారము దుర్లభము. కొత్తపద్ధతిని పరీక్షించుటకు ధైర్యమెక్కడనుండి వచ్చును?

శ్రీవరి కథయు ఇట్టిదే. మడగాస్కరులో లొలానియే అను ఫ్రెంచి మతాచార్యుడు 1983లో ఆ పద్ధతిని కనుగొనెను. 8 మొదలు 12 దినముల లేతనారును వేరు చెడకుండ తీసి, కుదురునకొక్క మొక్క చొప్పున, 25 సెంటీమీటర్ల చదరముగా నాటి, నీరు నిలుపక తడుపుచు ఆరగట్టుచు, కలుపును యంత్రముతో నేలలోనికి తిప్పుట. ఎకరమునకు 20, 25 కిలోల విత్తనమునకు బదులు 2 కిలోలు చాలును. 2003 సార్వాలో మన వ్యవసాయ విశ్వవిద్యాలయమువారు జిల్లా జిల్లాలలో దీనిని ప్రదర్శించిరి. బావులక్రింద, చెరువులక్రింద సాగుచేయువారు కొందఱు మేలుపొందిరి. డెల్టాలో మాత్రము నిలువలేదు. చేనునుండి చేనుకు నీరు పాఱు చోట ఒక్కరైతు తన మడిని ఆరగట్టుట యెట్లు? లేతనారు నాటు నేర్పుగల కూలీలు దొరకుట యెట్లు? పద్ధతిది దోషమని నే ననను. దానిని మోయవలసిన కాలువ, కూలి ఏర్పాట్లు దానితోపాటు రాలేదు. కూలి భారము తప్పించుకొనుటకు ఇప్పుడు పలువురు మండెకట్టిన విత్తనమును డ్రమ్ముసీడరుతోనో, చేతితోనో దమ్ములో నేరుగ చల్లుచున్నారు. కలుపు బాధ పెరిగినను నారు, నాట్ల ఖర్చు మిగులుచున్నది.

1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన నాటినుండి గోదావరి డెల్టాలో నీరు తెచ్చు కాలువల నందఱు తలచిరి. నీరు తీయు మురుగుకాలువలను చాలమంది మఱచిరి. 2011 సార్వాలో కోనసీమ రైతులు పంటవిరామము ప్రకటించి వేలాది ఎకరములను బీడుపెట్టిరి. గిట్టుబాటు ధర లేమి, కూలి ఖర్చు, మురుగు ముంపు, అన్నియు కలసి వారినంతకు తెచ్చినవి. ఆ యేడు నేను అటు పోయియుంటిని. పొలమునకు నీరున్నది, విత్తనమున్నది, శాస్త్రమున్నది; రైతు గట్టుమీద కూర్చుండియున్నాడు.

నా వృత్తికి చెందిన సంగతి కొంత చెప్పి ముగింతును. 2001లో పార్లమెంటు మొక్కల రకముల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టమును చేసినది. దానిలోని 39వ విభాగమును ప్రతి పఠనమందిరమునను గోడకు తగిలింపదగును. రైతు తన పంటలోని విత్తనమును దాచుకొనవచ్చును, చల్లుకొనవచ్చును, ఇరుగుపొరుగుకు ఇయ్యవచ్చును, మార్చుకొనవచ్చును, అమ్ముకొనవచ్చును కూడ. రిజిష్టరైన రకమైనను సరే. మార్కుపేరు వేసి సంచికట్టి అమ్మరాదు, అంతియే. కంపెనీ చెప్పిన గుణము విత్తనమున కనబడకున్న నష్టపరిహారము కోరు హక్కును అదే విభాగమున కలదు. ఈ చట్టముండగా, దాచుకొన్న విత్తనము అమ్ముట నేరమని భయపడు రైతులను నేనెందఱనో చూచితిని.

2012లో సుప్రీముకోర్టు, ఆంధ్ర రైతులు తెచ్చిన వ్యాజ్యమునందు, విత్తనము కొన్న రైతు వినియోగదారుడే యనియు, వినియోగదారుల న్యాయస్థానమునకు పోవచ్చుననియు తీర్పు చెప్పినది. కొన్న విత్తనమంతయు చల్లుకొనువాడు పరీక్షకొఱకు నమూనా దాచలేదని వానిని వెళ్లగొట్టరాదనియు చెప్పినది. మంచి తీర్పు. కాని నావద్దకు వచ్చిన రైతొకడు ఆ తీర్పును వినియోగించుకొనలేకపోయెను. ఆయన చేనిలో ఒకే దినమున నాటిన మొక్కలు మూడు వేఱువేఱు తడవలు ఈనినవి. కల్తీయని పిల్లవాడు కూడ చెప్పగలడు. "రసీదేదయ్యా?" అంటిని. లేదు. "సంచిమీది చీటీ?" సంచి దూడకు కప్పితిమనెను. వర్తకుడు తాను అమ్మనేలేదని ప్రమాణము చేసెను. ఆ వ్యాజ్యము నేను ఓడిపోయితిని. నాటినుండి సభకు పోయినచోటనెల్ల రసీదు, చీటీ, ఒక పిడికెడు విత్తనము దాచుడని చెప్పుచున్నాను. నమూనా అక్కఱలేదని సుప్రీముకోర్టు చెప్పినను దాచుడు. క్రింది కోర్టులో నిలుచువాడను నేను గదా.

ఈ హక్కుల ప్రసంగము మునుముందు మఱింత అవసరమగును. 2025 మే 4వ తేదీన కేంద్ర వ్యవసాయమంత్రిగారు రెండు క్రొత్త వరులను ప్రకటించిరి. ఒకటి హైదరాబాదు వరి పరిశోధనాలయమున సాంబ మసూరినుండి వచ్చిన "కమల". రెండవది మారుటేరు రకమైన ఎం.టి.యు. 1010, అనగా మన కాటన్‌దొర సన్నాలనుండి ఢిల్లీలో తయారైనది. వీనిలో పరాయి జన్యువును చేర్చలేదు. మొక్కయొక్క జన్యువులోనే మిక్కిలి సూక్ష్మమైన కత్తిరింపు చేసిరి. కమల పాతదానికంటె పదునైదు, ఇరువది దినములు ముందుగా కోతకు వచ్చుననియు, గింజలు ఎక్కువనియు చెప్పిరి. నిజమైనచో నీరు మిగులును, అకాలవర్షముల బెడద కొంత తగ్గును. ఇట్టి మొక్కలను జన్యుమార్పిడి పంటలకుండు కఠిన నిబంధనలనుండి ప్రభుత్వము 2022లో మినహాయించియుండెను. పరీక్షల వివరములన్నియు వెల్లడింపుడని కొందఱు శాస్త్రజ్ఞులు, రైతు ప్రతినిధులు అడిగిరి. ఆ కత్తిరింపు పద్ధతిపై పేటెంటులు పరదేశ సంస్థల చేతిలో నుండగా రైతు విత్తనము దాచుకొను హక్కు కేమగునని మఱికొందఱడిగిరి. శాస్త్రమునకు నేను విరోధిని కాను. పొట్టివరి వచ్చిననాడు కూడ అనుమానించినవారుండిరి. అది మన ఆకలి తీర్చినది. అయితే మారుటేరు, బాపట్ల విత్తనములు మనకిచ్చినది ఒక్క దిగుబడియే కాదు. వానిని దాచుకొన్న రైతు నెవరును కోర్టునకు లాగరను నిశ్చింతయు ఇచ్చినవి. క్రొత్త విత్తనమునకు కూడ ఆ నిశ్చింత కలదని ప్రభుత్వము స్పష్టముగా వ్రాసి యిచ్చువఱకు అడుగుచుండుట అపరాధము కాదు.

ఈ పఠనమందిరమువారికి నా విన్నపము లివి. విశ్వవిద్యాలయమువారు తెలుగున ప్రచురించు సాగు పుస్తకములను తెప్పించి ఒక బల్లపై పెట్టుడు. 39వ విభాగమును తెలుగున పెద్ద యక్షరములతో వ్రాయించుడు. వ్రాతపని నేను చేసి పెట్టెదను. సార్వాకు ముందు ఒక ఆదివారము చుట్టుప్రక్కల కౌలుదారులను పిలిచి, రసీదులు చీటీలు భద్రపఱచుకొనుటకు తలకొక కాగితపుసంచి నిండు. మఱియు మీలో బియ్యము కొనువారందఱు ఈ సారి అంగడిలో నిలిచి, "ఇది యే విత్తనమయ్యా?" అని యొక్కమాట అడుగుడు.